పొటాషియం లోహం వేరు, పొటాషియం అయాన్ వేరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ పొటాషియం చుట్టూనే తిరిగాయి. వాటిలో సగం చిక్కులు ఒక్కచోటే పుట్టాయి. ‘పొటాషియం’ అనే ఒకే పేరుతో మనం రెండు వేర్వేరు వస్తువుల్ని పిలుస్తుంటాం. అందుకే ఆ ప్రశ్ననే ముందు పెట్టాం.

ప్రశ్న: పొటాషియం ముక్కను నీళ్లలో వేస్తే మండి పేలుతుందని రసాయన శాస్త్రం పాఠంలో చదివాం. ఒంట్లో పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుందని జీవశాస్త్రం పాఠంలో ఉంది. ఒళ్లంతా నీరే కదా, ఈ రెండూ ఎలా పొసుగుతాయి?

జవాబు: నీళ్లలో పేలేది పొటాషియం లోహం, అంటే పరమాణువుల రూపంలో ఉన్నది. ఒంట్లో ఉన్నది పొటాషియం అయాన్. రెండింటికీ తేడా ఒక్క ఎలక్ట్రానే. గుణమంతా ఆ ఒక్కదానిలోనే ఉంది.

పొటాషియం పరమాణు సంఖ్య 19. దాని 19 ఎలక్ట్రాన్లు 2, 8, 8, 1గా సర్దుకుంటాయి. చివరిది నాలుగో కక్ష్యలో ఒంటరిగా, కేంద్రకానికి దూరంగా, లోపలి 18 ఎలక్ట్రాన్ల చాటున ఉంటుంది కాబట్టి దాని మీద కేంద్రకానికి పట్టు తక్కువ. దాన్ని ఊడలాగడానికి మోల్‌కు 419 కిలోజౌళ్లు చాలు (ఒక మోల్ అంటే పొటాషియంకు 39 గ్రాములు). ఆ తరువాతి ఎలక్ట్రాన్‌ను లాగాలంటే 3,052 కిలోజౌళ్లు, ఏడు రెట్లకు పైమాటే. అందుకే పొటాషియం ఒక్క ఎలక్ట్రాన్ ఇచ్చి అక్కడితో ఆగిపోతుంది. మిగిలిన 2, 8, 8 అమరిక ఆర్గాన్‌ది, కదిలించడం కష్టం.

లోహాన్ని నీళ్లలో వేసినప్పుడు జరిగేదల్లా ఆ చివరి ఎలక్ట్రాన్‌ను నీటికి అంటగట్టడమే. రెండు పొటాషియం పరమాణువులు, రెండు నీటి అణువులు కలిస్తే రెండు పొటాషియం హైడ్రాక్సైడ్‌లు, ఒక హైడ్రోజన్ అణువు వస్తాయి. 39 గ్రాముల లోహానికి గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 12 లీటర్ల హైడ్రోజన్ వెలువడుతుంది. లోహం 63.5 డిగ్రీలకే కరుగుతుంది కనుక పుట్టిన వేడికి గుండ్రని బొట్టయి నీటి మీద పరుగులు తీస్తుంది. హైడ్రోజన్ అంటుకుంటుంది. ఆ మంటకు ఊదా రంగు పొటాషియం ఆవిరి వల్ల వస్తుంది. పేలుడుకు కారణం హైడ్రోజన్ ఒక్కటేనని చాలాకాలం చెప్పుకున్నారు. ప్రాగ్‌లో పావెల్ యుంగ్విర్త్ బృందం సోడియం-పొటాషియం మిశ్రమలోహపు బొట్టు నీటిని తాకడాన్ని హైస్పీడ్ కెమెరాతో చిత్రీకరించి, 2015లో ఇంకో సంగతి బయటపెట్టింది. బొట్టు పైపొర నుంచి ఎలక్ట్రాన్లు ఒక్కసారిగా నీటిలోకి దూకేస్తాయి. వెనక మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి తోసుకోవడంతో లోహం ముళ్లపందిలా నాలుగువైపులా చీలుతుంది. చీలినకొద్దీ కొత్త ఉపరితలం నీటికి తగిలి చర్య ఇంకా ఊపందుకుంటుంది.

అయాన్ దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ లేదు. ఎలక్ట్రాన్‌ను ఎప్పుడో ఇచ్చేసింది. నీటి అణువులు తమ ఆక్సిజన్ వైపును దానివైపు తిప్పి చుట్టూ చేరతాయి, అంతే. బూడిదకు మళ్లీ నిప్పు పెడితే ఏమవుతుందో అయాన్‌ను నీళ్లలో వేసినా అంతే అవుతుంది. పొటాషియం అనే పేరు వచ్చిందే బూడిద నుంచి కాబట్టి ఈ పోలిక ఊరికే తెచ్చింది కాదు. కుండలో బూడిద నీళ్లు మరగబెట్టి తీసిన క్షారాన్ని ‘పొటాష్’ అనేవారు. 1807లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ పొటాషియం హైడ్రాక్సైడ్ అనే కాస్టిక్ పొటాష్‌లోకి విద్యుత్తు పంపి, అయాన్లకు పోయిన ఎలక్ట్రాన్‌ను బలవంతంగా తిరిగి ఇచ్చాడు. లోహం మొదటిసారి కంటబడింది అప్పుడే.

ప్రశ్న: పొటాషియంకు ‘కె’ గుర్తు ఎందుకు?

జవాబు: లాటిన్ పేరు కాలియం. అది ‘అల్-ఖల్యా’ అనే అరబ్బీ మాట నుంచి వచ్చింది. అర్థం మొక్కల బూడిదే. ‘ఆల్కలీ’ కూడా ఆ మాటకు తోబుట్టువే.

ప్రశ్న: పొటాషియం ఎలక్ట్రాన్‌ను ఊడలాగడానికి 419 కిలోజౌళ్లు ఖర్చు. క్లోరిన్ దాన్ని పుచ్చుకుని ఇచ్చేది 349 మాత్రమే. లెక్కకు నష్టమే కదా, మరి పొటాషియం క్లోరైడ్ ఎలా ఏర్పడుతోంది?

జవాబు: చాలా పుస్తకాలు ‘అష్టకం (చివరి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు) పూర్తి చేసుకోవాలనే కోరిక’ అని దాటవేసే చోట సరిగ్గా పట్టుకున్నారు. పరమాణువుకు కోరికలుండవు, శక్తి లెక్క తేలాలంతే.

ఒక మోల్‌కు వేసి చూద్దాం. ఘన పొటాషియంను విడి పరమాణువులుగా మార్చడానికి 89 కిలోజౌళ్లు. ఎలక్ట్రాన్ తీయడానికి 419. క్లోరిన్ అణువును చీల్చి ఒక మోల్ పరమాణువులు పొందడానికి 121. మొత్తం ఖర్చు 629. ఇందులో క్లోరిన్ తిరిగి ఇచ్చే 349 తీసేస్తే ఇంకా 280 అప్పు. ఈ అప్పు తీర్చేది స్ఫటికం. విడివిడిగా ఉన్న ధన, రుణ అయాన్లు వచ్చి ఒక్కో పొటాషియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు పొటాషియంలుగా పేర్చుకున్నప్పుడు 717 కిలోజౌళ్లు వెలువడతాయి. దీన్నే జాలక శక్తి అంటారు. 717లోంచి 280 పోగా 437 మిగులు. పొటాషియం క్లోరైడ్ ఏర్పడేటప్పుడు ప్రయోగంలో కొలిచే వేడి ఇదే.

పరీక్షలో విద్యార్థులు ఎక్కువగా తప్పేది 121 దగ్గర. క్లోరిన్ బంధ శక్తి 242ను పూర్తిగా వేసేస్తారు. మనకు కావలసింది ఒక్క మోల్ క్లోరిన్ పరమాణువులే, కాబట్టి అందులో సగమే.

ప్రశ్న: క్షయకరణ పొటెన్షియల్ పట్టికలో లిథియం మైనస్ 3.04 వోల్టులు, పొటాషియం మైనస్ 2.93, సోడియం మైనస్ 2.71. అంటే లిథియమే అందరికన్నా చురుకు. నీళ్లలో మాత్రం లిథియం నెమ్మదిగా బుడగలు వదులుతుంటే పొటాషియం భగ్గుమంటోంది. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే, అడిగే ప్రశ్నలు వేరు. వోల్టుల పట్టిక చర్య చివరికి ఎంత శక్తి మిగులుతుందో చెబుతుంది. ఎంత వేగంగా జరుగుతుందో చెప్పదు. లిథియం అయాన్ చాలా చిన్నది కావడంతో నీటి అణువులు దాన్ని గట్టిగా పట్టుకుని బోలెడంత శక్తి వదులుతాయి. ఎలక్ట్రాన్ తీయడానికి అయ్యే ఎక్కువ ఖర్చును (520 కిలోజౌళ్లు) అదే పూడ్చేస్తుంది.

వేగం దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. లిథియం కరగాలంటే 180 డిగ్రీలు కావాలి కాబట్టి ముక్క ముక్కగానే ఉండిపోతుంది, నీటికి తగిలేది పైపొరే. పొటాషియం క్షణాల్లో కరిగి, పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా అందిస్తుంది. పైగా ఎలక్ట్రాన్‌ను వదలడానికి దాటాల్సిన అడ్డంకీ చిన్నది.

ప్రశ్న: జ్వాలా పరీక్షలో పొటాషియం క్లోరైడ్‌కు ఊదా రంగు రావాలి. ఎన్నిసార్లు చేసినా పసుపే వస్తోంది. సీసా మీద ‘శుద్ధమైనది’ అని రాసుంది. తప్పు ఎక్కడ?

జవాబు: తప్పు సీసాలో కాదు, చాలావరకు తీగ మీదా మీ వేళ్ల మీదా ఉంటుంది. సోడియం లేని చోటు లేదు. చెమటలో ఉంది, గాజులో ఉంది, దుమ్ములో ఉంది. దాని పసుపు కాంతి 589 నానోమీటర్ల దగ్గర, కంటికి బాగా ఆనే చోట పడుతుంది. పొటాషియం బలమైన గీతలు 766.5, 769.9 నానోమీటర్ల దగ్గర, ముదురు ఎరుపు అంచున ఉంటాయి. అక్కడ కన్ను దాదాపు గుడ్డిదే. ఆ కాస్త ఎరుపూ, 404 నానోమీటర్ల దగ్గరి బలహీనమైన వంగపండు గీతా కలిసి మనకు లేత ఊదాగా కనిపిస్తాయి. అందుకే చిటికెడు సోడియం కూడా దాన్ని మింగేస్తుంది.

నైక్రోమ్ లేదా ప్లాటినం తీగ చివర చిన్న మెలిక ఉండాలి, దాన్ని చేత్తో ముట్టుకోకూడదు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వాచ్‌గ్లాసులోకి కొద్దిగా తీసుకోండి. సీసాలోనే ముంచితే ఆ సీసా అందరికీ పాడవుతుంది. తీగను ఆమ్లంలో ముంచి, బర్నర్ నీలి మంటలో వేడి ఎక్కువున్న చోట పెట్టండి. పసుపు వస్తే మళ్లీ ముంచి మళ్లీ కాల్చండి. నైక్రోమ్‌కు ఇలా ఎనిమిది, పదిసార్లు చేయాల్సి రావచ్చు, విసుక్కుంటే పని కాదు. మంటలో ఏ రంగూ రాని స్థితికి వచ్చాక తడి మెలికతో నమూనాను కొద్దిగా అంటించి మంట అంచున పెట్టండి. ఊదా రంగు ఒకటి రెండు సెకన్లే ఉంటుంది. గదిలో వెలుతురు తగ్గిస్తే సగం పని సులువవుతుంది. ఆమ్లం దేనికంటే, క్లోరైడ్లు తేలిగ్గా ఆవిరవుతాయి. సల్ఫేట్లు, సిలికేట్లు అంత తేలిగ్గా ఆవిరి కావు, వాటికి మంటలో రంగు సరిగా రాదు.

నమూనాలోనే సోడియం ఉంటే కోబాల్ట్ నీలి గాజులోంచి చూడాలి. అది పసుపును మింగేసి ముదురు ఎరుపును వదులుతుంది కాబట్టి పొటాషియం మంట ఎర్రటి ఊదాగా కనిపిస్తుంది. ఇక్కడే మరో మోసం ఉంది. ఎర్రగా కాలిన తీగ కూడా ఆ గాజులోంచి ఎర్రగానే కనిపిస్తుంది, దాన్ని చూసి ‘పొటాషియం ఉంది’ అని రాసేసేవాళ్లు చాలామంది. ముందు ఉత్త తీగను గాజులోంచి చూసి పోల్చుకోండి. చూడాల్సింది మంటను, తీగను కాదు.

అనుమానం తీరకపోతే సోడియం కోబాల్టినైట్రైట్ పరీక్ష చేయండి. ద్రావణాన్ని ఎసిటిక్ ఆమ్లంతో కొద్దిగా ఆమ్లీకరించి, అప్పటికప్పుడు కలిపిన కారకం వేస్తే పసుపు అవక్షేపం వస్తుంది. బలమైన ఆమ్లం గానీ క్షారం గానీ ఉంటే కారకమే విచ్ఛిన్నమవుతుంది. అమ్మోనియం అయాన్ కూడా ఇదే పసుపు ఇస్తుంది. దాని పరిమాణం పొటాషియం అయాన్‌కు దగ్గరగా ఉండటమే కారణం. ముందుగా నమూనాలో కొంత తీసుకుని సోడియం హైడ్రాక్సైడ్‌తో వేడిచేసి, తడి ఎర్ర లిట్మస్ నీలం అవుతుందేమో చూడండి. నీలం అయితే మిగతా నమూనాను ఎండబెట్టి తెల్లని పొగలు ఆగేదాకా సన్నగా కాల్చి, అమ్మోనియం లవణాలను తరిమేశాకే పరీక్ష చేయాలి.

ప్రశ్న: 5.61 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్‌ను లీటరు నీటిలో కరిగించి 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) అనుకున్నాం. 20 మి.లీ. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి 20 మి.లీ. సరిపోవాలి, 23.8 మి.లీ. పట్టింది. తూకం రెండుసార్లు సరిచూశాం.

జవాబు: తూకం సరైనదే, తూచింది మొత్తం పొటాషియం హైడ్రాక్సైడ్ కాదు. మామూలుగా దొరికే బిళ్లల్లో అది సుమారు 85 శాతమే, మిగతాది ఎక్కువగా నీరు. సీసా లేబుల్ మీద ‘అస్సే’ (శుద్ధత శాతం) అన్న చోట చూడండి. మీ ద్రావణం బలం లెక్కగడితే 2 భాగించు 23.8, అంటే 0.084 మోలార్. మీ బిళ్లలు 84 శాతం దగ్గర ఉన్నాయన్నమాట. 0.1 మోలార్ దరిదాపుల్లో కావాలంటే లీటరుకు 6.6 గ్రాములు తీసుకోవాలి.

అయినా ‘తూచి చేసిన క్షార ద్రావణం’ అనే మాటను నమ్మకండి. మూత తీసిన నిమిషం నుంచి బిళ్లలు గాలిలోని తేమను పీల్చి చెమర్చడం మొదలవుతుంది. ఆ తడి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి పొటాషియం కార్బొనేట్ అవుతుంది. కాబట్టి కాస్త ఎక్కువ తూచి కలపడం, తరువాత అసలు బలం ఎంతో ప్రామాణిక పదార్థంతో తేల్చడం, ఇదే పద్ధతి.

స్వేదన జలాన్ని పది నిమిషాలు మరిగించి, మూతపెట్టి చల్లార్చండి. కరిగిన కార్బన్ డయాక్సైడ్ పోతుంది. నీటిలోకి బిళ్లలు కొద్దికొద్దిగా వేయాలి, బిళ్లల మీద నీళ్లు పోయకూడదు. వేడికి చిమ్ముతుంది. ప్రామాణిక పదార్థంగా పొటాషియం హైడ్రోజన్ థాలేట్ వాడండి. దాన్ని 110 డిగ్రీల దగ్గర గంట, రెండు గంటలు ఆరబెట్టి డెసికేటర్‌లో చల్లార్చి 0.4084 గ్రాములు తూచితే సరిగ్గా 2 మిల్లీమోళ్లు. 50 మి.లీ. నీటిలో కరిగించి రెండు చుక్కల ఫినాల్ఫ్తలీన్ వేసి, లేత గులాబీ రంగు అర నిమిషం నిలిచేదాకా బ్యూరెట్ నుంచి క్షారం వదలండి. రంగు కొంతసేపటికి పోతే కంగారుపడొద్దు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పని అది. మళ్లీ చుక్క వేస్తే అంకె తప్పుతుంది.

ఒక హెచ్చరిక. సోడియం హైడ్రాక్సైడ్‌కు బాగా గాఢమైన ద్రావణం చేసి, అడుగున దిగిన కార్బొనేట్‌ను వదిలేసి పైతేటను వాడే కిటుకు ఉంది. అదే కిటుకు పొటాషియం హైడ్రాక్సైడ్‌కు పనికిరాదు. పొటాషియం కార్బొనేట్ గాఢ క్షారంలోనూ కరిగే ఉంటుంది, అడుగుకు దిగదు. నిల్వకు ప్లాస్టిక్ సీసానే వాడండి. గాజు బిరడా పెడితే క్షారం గాజును కొరికి అతికించేస్తుంది. ప్రయోగశాల రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. క్షారం కంట్లో పడితే ఆమ్లం కన్నా లోతుకు దిగుతుంది. వెంటనే కనీసం పావుగంట ధారగా నీళ్లతో కడుగుతూ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: కాలేజీ ప్రయోగశాల అలమరలో పాత పొటాషియం సీసా దొరికింది. నూనెలోనే ఉంది కానీ ముక్కల మీద పసుపు పొర కట్టింది. కత్తితో పైపొర గీకేసి వాడుకోవచ్చా?

జవాబు: వద్దు. గీకొద్దు, కోయొద్దు, సీసా కదపొద్దు, మూత కూడా తీయొద్దు.

ఆ పసుపు లేదా నారింజ పొర పొటాషియం సూపర్ ఆక్సైడ్ కావచ్చు. లిథియం గాలిలో మండితే మామూలు ఆక్సైడ్ వస్తుంది, సోడియంకు పెరాక్సైడ్, పొటాషియంకు సూపర్ ఆక్సైడ్. లోహ అయాన్ పెద్దదయ్యేకొద్దీ పెద్ద రుణ అయాన్‌తో పేర్చుకోవడం తేలికవుతుంది. ఒక్క ఎలక్ట్రాన్‌ను అదనంగా పుచ్చుకున్న ఆక్సిజన్ అణువు నిలబడటానికి పొటాషియం పక్కన చోటు దొరుకుతుంది. సూపర్ ఆక్సైడ్ బలమైన ఆక్సీకరణి. దాని కిందే పొటాషియం లోహం, చుట్టూ నూనె. కత్తి దిగితే ఆ పొర లోహంలోకి, నూనెలోకి ఒత్తుకుంటుంది. ఆ ఒత్తిడికే పేలిన సందర్భాలు ఉన్నాయి. తెల్లని పొర అయితే ఎక్కువగా హైడ్రాక్సైడ్, కార్బొనేట్. దాని ప్రమాదం తక్కువే కానీ, రంగు చూసి తీర్పు చెప్పడం అనుభవం లేనివాళ్ల పని కాదు.

నూనెలో ఉన్నా ఇలా ఎందుకైందని అడుగుతారు. పొటాషియం సాంద్రత సుమారు 0.86. కొన్ని నూనెల సాంద్రతా అంతే. ముక్క పైకి తేలి ఒక అంచు గాలికి తగిలితే చాలు, ఏళ్ల తరబడి ఆక్సిజన్ మెల్లగా పనిచేస్తూ ఉంటుంది. అందుకే సీసా మీద తెరిచిన తేదీ రాయాలి, ఏడాదికి అవసరమైనంతే కొనాలి. తెరిచిన మూడు నెలలకల్లా చూసుకోవడం లేదా వదిలించుకోవడం మంచి ప్రయోగశాలల్లో ఉన్న నియమం.

ఇప్పుడు చేయాల్సింది: సీసా ఉన్నచోటే వదిలి, అలమరకు తాళం వేసి, హెచ్చరిక అంటించి, ప్రమాదకర రసాయన వ్యర్థాలు చూసే శిక్షణ ఉన్నవాళ్లకు కబురు చేయండి. మంట అంటుకుంటే నీళ్లూ, కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ పనికిరావు. రెండింటితోనూ పొటాషియం చర్య జరుపుతుంది. పొడి ఇసుక గానీ, లోహాల మంటలకు ఉద్దేశించిన ‘డి’ తరగతి పొడి గానీ కావాలి. క్లోరోఫాం, కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి ద్రావణులను పొటాషియం దరిదాపుల్లోకి రానివ్వకండి. ఆ మిశ్రమం చిన్న దెబ్బకే పేలుతుంది.

ఇంత భయపెట్టాక ఇదీ చెప్పాలి. అదే సూపర్ ఆక్సైడ్ గని కార్మికుల రక్షణ పరికరాల్లో ప్రాణం పోస్తుంది. నాలుగు మోళ్ల సూపర్ ఆక్సైడ్ రెండు మోళ్ల కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మూడు మోళ్ల ఆక్సిజన్ ఇస్తుంది. సోయుజ్ వ్యోమనౌకలో గాలిని శుభ్రపరిచిందీ ఇదే సూత్రం.

ప్రశ్న: ఎరువు సంచి మీద 0-0-60 అని ఉంది. 60 శాతం పొటాషియం ఆక్సైడ్ అంటున్నారు. లోపల ఉన్నది పొటాషియం క్లోరైడ్ అంటున్నారు. ఏది?

జవాబు: లోపల ఉన్నది క్లోరైడే. పొటాషియం ఆక్సైడ్ సంచిలో నిలిచే వస్తువు కాదు, తేమ తగలగానే కాస్టిక్ పొటాష్ అయి సంచినీ చేతినీ కాల్చేస్తుంది. మూలకాలను ఆక్సైడ్ల లెక్కన చెప్పడం పాత విశ్లేషణ పద్ధతి, లేబుల్ మీద అది అలాగే ఉండిపోయింది. అసలు పొటాషియం ఎంతో కావాలంటే ఆ అంకెను 0.83తో హెచ్చించండి. 50 కిలోల సంచిలో 60 శాతం అంటే ఆక్సైడ్ లెక్కన 30 కిలోలు, పొటాషియం 24.9 కిలోలు. శుద్ధమైన పొటాషియం క్లోరైడ్‌కు ఈ అంకె 63.2 వస్తుంది, కాబట్టి 60 ఉన్న సంచిలో సుమారు 95 శాతం క్లోరైడ్ ఉన్నట్టు. సల్ఫేట్ సంచి మీద 50 ఉంటే పొటాషియం 41.5 శాతం. నైట్రేట్ సంచి మీద 45 ఉంటే 37.4 శాతం.

మొక్క వేరుకు అందేది ఏ సంచి నుంచైనా ఒకే పొటాషియం అయాన్. తేడా దాని జంటలో ఉంది. పొగాకు లాంటి పంటలకు క్లోరైడ్ గిట్టదు. డ్రిప్ ట్యాంకులో సల్ఫేట్ వాడేవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. 20 డిగ్రీల దగ్గర 100 మి.లీ. నీటిలో క్లోరైడ్ 34 గ్రాములు కరిగితే సల్ఫేట్ 11 గ్రాములే కరుగుతుంది. ఇక కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేట్‌తో ఒకే ట్యాంకులో గాఢంగా కలిపితే జిప్సం దిగి గొట్టాలు మూసుకుపోతాయి.

ప్రశ్న: ల్యాబ్ టెక్నీషియన్‌ను. ఒక రక్త నమూనాలో పొటాషియం లీటరుకు 8.6 మిల్లీమోళ్లు వచ్చింది, కాల్షియం సగానికి పడిపోయింది. సీరంలో (గడ్డకట్టిన రక్తం నుంచి వేరైన ద్రవంలో) ఎరుపు లేదు. రోగి బాగానే ఉన్నాడు. యంత్రం తప్పా?

జవాబు: యంత్రం ఉన్నదే చెప్పింది. పొటాషియం ఎక్కువ, కాల్షియం తక్కువ జంటగా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఊదా మూత గొట్టాన్ని. అందులో ఉన్నది రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే పదార్థపు పొటాషియం లవణం. ఈడీటీఏ కాల్షియంను పట్టేసుకుంటుంది, పొటాషియం ద్రావణంలో మిగులుతుంది. ఆ గొట్టంలోని రక్తాన్ని సీరం గొట్టంలోకి వంచారేమో, లేదా ఊదా గొట్టం నింపాక సీరం గొట్టం నింపారేమో అడగండి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా బాగా తక్కువ వచ్చి ఉంటే అనుమానం రూఢి అయినట్టే. ఆ ఎంజైముకు కావలసిన జింక్, మెగ్నీషియంలను కూడా ఈడీటీఏ లాగేసుకుంటుంది. బూడిద రంగు మూత గొట్టంలోనూ చాలాసార్లు పొటాషియం ఆక్సలేట్ ఉంటుంది. అందుకే సీరం గొట్టం ముందు, ఊదా మూతది తరువాత, బూడిద మూతది ఆఖర్న.

కాల్షియం మామూలుగా ఉండి పొటాషియం ఒక్కటే పెరిగితే కారణం వేరే. కణాల లోపల లీటరుకు 140 మిల్లీమోళ్ల దాకా పొటాషియం ఉంటుంది, బయట 3.5 నుంచి 5 మాత్రమే. ఎర్ర కణాలు కొన్ని చితికినా బయటి అంకె ఎగురుతుంది, సీరం గులాబీగా కనిపిస్తుంది. చేతికి పట్టీ బిగించి పిడికిలి పదేపదే మూసి తెరవమన్నా పెరుగుతుంది. సీరం వేరుచేయకుండా రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టడం అన్నిటికన్నా కనిపించని తప్పు. పొటాషియంను లోపలికి తెచ్చే కణాల పంపు చలికి ఆగిపోయి పొటాషియం మెల్లగా కారుతుంది, కణాలు చితకవు కాబట్టి రంగు మారదు.

అయినా ‘నమూనా తప్పు’ అని మీరే తేల్చేయకండి. నిజంగా 8.6 అయితే గుండె ఏ క్షణాన్నైనా ఆగవచ్చు. వైద్యుడికి వెంటనే చెప్పి, కొత్త నమూనా తీయించండి. ఈసీజీ సంగతి ఆయన చూసుకుంటారు.

ప్రశ్న: సోడియం అయాన్ చిన్నది, పొటాషియం అయాన్ పెద్దది. కణ త్వచంలోని పొటాషియం దారిలోంచి పెద్దది దూరుతుందట, చిన్నది దూరదట. జల్లెడ తిరగబడిందా?

జవాబు: అది జల్లెడ కాదు. వ్యాసార్ధాలు చూస్తే పొటాషియం అయాన్ 138 పికోమీటర్లు, సోడియం 102. కానీ నీటిలో రెండూ నీటి అణువుల్ని కప్పుకునే తిరుగుతాయి. దారిలోకి రావాలంటే ఆ కప్పును విప్పాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. దారి గోడల్లో ఆక్సిజన్ పరమాణువులు వరుసగా ఉంటాయి. పొటాషియం చుట్టూ నీటి ఆక్సిజన్లు ఎంత దూరంలో ఉండేవో సరిగ్గా అంత దూరంలోనే ఉంటాయి. నీటిని వదిలిన పొటాషియంకు గోడ అదే ఆదరణ ఇస్తుంది, నష్టం లేదు. సోడియం చిన్నది కావడంతో గోడ ఆక్సిజన్లు దానికి అందవు, నీటిని వదిలితే నష్టమే, కాబట్టి బయటే ఉండిపోతుంది. రోడరిక్ మెక్కినన్ 1998లో ఈ నిర్మాణాన్ని ఎక్స్-కిరణాలతో చూపారు, 2003లో రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్నారు. లోపల పొటాషియంను నింపే పని వేరే పంపుది. మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దాన్ని 1957లో కనుక్కున్నది యెన్స్ స్కౌ.

ప్రశ్న: పొటాషియం పర్మాంగనేట్ ఊదా రంగు పొటాషియం వల్లేనా?

జవాబు: కాదు. పొటాషియం అయాన్‌కు రంగు లేదు, ఉప్పంత తెల్లని పొటాషియం లవణాలే సాక్ష్యం. రంగు పర్మాంగనేట్ అయాన్‌ది. సోడియం పర్మాంగనేట్ కూడా అదే రంగు. ప్రయోగశాలలో పొటాషియం లవణాన్ని ఎంచుకోవడానికి కారణం తూకం. సోడియంది తేమ పీల్చి జిగటవుతుంది, పొటాషియంది పొడిగా ఉంటుంది.

ప్రశ్న: ఆర్గాన్ పరమాణు ద్రవ్యరాశి 39.95, పొటాషియంది 39.10. బరువైనది ముందు, తేలికది తరువాత ఎందుకొచ్చాయి?

జవాబు: ఆవర్తన పట్టిక వరుస ప్రోటాన్లది, బరువుది కాదు. 1913లో మోస్లే ఎక్స్-కిరణాలతో దాన్ని తేల్చాడు. ఆర్గాన్‌కు 18, పొటాషియంకు 19. ద్రవ్యరాశి అనేది ఐసోటోపుల (ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువుల) సగటు. పొటాషియంలో 93 శాతానికి పైగా 39 ద్రవ్యరాశి ఉన్నదే, దాదాపు 6.7 శాతం 41ది. ఆర్గాన్ దాదాపు మొత్తం 40ది.

ఆర్గాన్‌లో ఆ 40 ఇంత ఎక్కువ ఎందుకుందంటే, దాన్ని కన్నది పొటాషియమే. పొటాషియంలో 0.0117 శాతం రేడియోధార్మిక పొటాషియం-40 ఉంది. దాని అర్ధాయువు 125 కోట్ల సంవత్సరాలు. అందులో 89 శాతం కాల్షియం-40గా, మిగతాది ఆర్గాన్-40గా మారుతుంది. గాలిలో ఒక శాతానికి దగ్గరగా ఉన్న ఆర్గాన్ చాలావరకు రాళ్లలోని పొటాషియం నుంచి ఇలా వచ్చిందే. కరిగిన రాయి ఆర్గాన్‌ను వదిలేస్తుంది, గడ్డకట్టాక పుట్టిన ఆర్గాన్ లోపలే చిక్కుకుంటుంది. అదెంతో కొలిచి రాయి వయసు లెక్కగడతారు.

మన ఒంట్లోనూ ఇది జరుగుతోంది. 70 కిలోల మనిషిలో సుమారు 140 గ్రాముల పొటాషియం ఉంటుంది, గ్రాముకు సెకనుకు 31 చొప్పున దాదాపు 4,300 పరమాణువులు ప్రతి సెకనూ మారిపోతుంటాయి. పొటాషియం ఎక్కువున్నవి తిన్నంత మాత్రాన ఈ అంకె పెరిగిపోదు. మిగులును మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి, అవి 39ని, 40ని వేరుచేసి చూడలేవు.